మన ముక్క, వాడి బోర్డు: గ్వెంట్‌లో 'డిస్‌లాయల్' కార్డుల లెక్క

కార్డ్ గేమ్ అంటే మామూలుగా మనకు తెలిసింది ఒకటే. బలమైన ముక్క చేతికొస్తే మన వైపు దించుతాం, మన స్కోర్ పెరుగుతుంది. గ్వెంట్‌లో మాత్రం కొన్ని కార్డులు ఈ పద్ధతికి పూర్తిగా రివర్స్. అవి మన డెక్‌లోవే, మనం ఏరి పెట్టుకున్నవే. ఆడేటప్పుడు మాత్రం ఎదుటివాడి బోర్డు మీద పెట్టాలి. వాటి పవర్ మొత్తం వాడి స్కోర్‌లో కలుస్తుంది. స్టాండలోన్ గేమ్‌లో వీటి మీద 'డిస్‌లాయల్' అని రాసి ఉంటుంది. విచర్ 3 రోజుల నుంచి ఆడేవాళ్లు మాత్రం ఇప్పటికీ 'స్పై' అనే అంటారు.

కొత్తగా మొదలుపెట్టినవాళ్లు ఈ కార్డులు చూసి రెండు రకాలుగా చేస్తారు. కొందరు భయపడి డెక్‌లోంచి తీసేస్తారు. ఇంకొందరు యూట్యూబ్‌లో ఎవరో వేశారని ఎప్పుడు పడితే అప్పుడు వేసి, రౌండ్ పోగొట్టుకుని, గేమ్‌ని తిడతారు. ఈ రెండు రకాల వాళ్ల కోసమే ఈ ఆర్టికల్. ఇంకో కారణం కూడా ఉంది. గ్వెంట్‌కి కొత్త కార్డులు ఆగిపోయాయి. ఏ కార్డు ఎంత బలంగా ఉండాలో ఇప్పుడు తేల్చేది ఆటగాళ్ల ఓట్లే. ఆ ఓటు వేసేటప్పుడు ఈ డిస్‌లాయల్ కార్డుల దగ్గరే తికమక పడే ప్రమాదం ఎక్కువ. అది చివర్లో చూద్దాం.

అసలు విషయానికి ముందు ఒక చిన్న క్లారిటీ. మా సీమలో ఫోన్‌లో కార్డులు కనబడితే చాలు, ఇంట్లో పెద్దవాళ్ల మొహం మారిపోతుంది. తప్పు వాళ్లది కాదు. ఆన్‌లైన్ రమ్మీ ఎన్ని ఇళ్లను గుల్ల చేసిందో అందరం చూశాం. 2020 సెప్టెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లను నిషేధించింది కూడా. గ్వెంట్ ఆ బాపతు కాదు. ఇందులో పందెం లేదు, గెలిస్తే డబ్బు రాదు, ఓడితే పోదు. కార్డుల కెగ్‌లు డబ్బు పెట్టి కొనుక్కోవచ్చు గానీ, ఆడుతూ సంపాదించుకున్నా సరిపోతుంది.

లెక్క మొదలైంది విచర్ 3లో

2015 మేలో విచర్ 3 వచ్చినప్పుడు గ్వెంట్ అందులో ఒక మినీగేమ్ మాత్రమే. రాక్షసులను వేటాడాల్సిన గెరాల్ట్ సత్రంలో కూర్చుని కార్డులు ఆడుకుంటుంటాడు. జనానికి అదే ఎక్కువ నచ్చింది. డిస్‌లాయల్ కార్డుల తర్కం మొత్తం ఆ పాత వెర్షన్‌లో చాలా క్లియర్‌గా కనబడుతుంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం.

రూల్స్ సింపుల్. చేతికి 10 కార్డులు వస్తాయి. మూడు రౌండ్లు, రెండు గెలిచినవాడిదే మ్యాచ్. రౌండ్ల మధ్య కొత్త కార్డులు ఇవ్వరు. నార్తర్న్ రెల్మ్స్‌కి మాత్రం రౌండ్ గెలిస్తే ఒకటి వస్తుంది. అంటే ఆ పది ముక్కలనే మూడు రౌండ్లకు సర్దుకోవాలి. నెల జీతం లాంటిదే, మొదటి వారంలో ఊదేస్తే చివరి వారం పస్తులే. అలాంటి చోట స్పై కార్డు ఏం చేస్తుందంటే, ఎదుటివాడి వైపు వేయగానే మనకు డెక్‌లోంచి రెండు కార్డులు తెస్తుంది. ఒకటి పోయి రెండు వచ్చాయి. నికరంగా ఒక కార్డు లాభం.

ధర మాత్రం ఒక్కోదానిది ఒక్కోలా ఉంటుంది. నార్తర్న్ రెల్మ్స్‌లో థేలర్ పవర్ 1, సిగిస్మండ్ డైక్‌స్ట్రా 4, ప్రిన్స్ స్టెన్నిస్ 5. (ఈ డైక్‌స్ట్రా మన షార్టెస్ట్ పాత్ డైక్‌స్ట్రా కాదు. అయినా సీఎస్ఈ వాళ్లకి ఆ పేరు చూడగానే ఇంటర్నల్ పరీక్షలు గుర్తొచ్చి గుండె ఒకసారి ఝల్లుమంటుంది.) నిల్ఫ్‌గార్డ్‌లో వాటియే డి రీడో 4, షిలార్డ్ ఫిట్జ్-ఓస్టర్లెన్ 7, స్టెఫాన్ స్కెలెన్ 9. సప్కోవ్‌స్కీ నవలల్లో ఈ వాటియే నిల్ఫ్‌గార్డ్ సైనిక గూఢచారి విభాగానికి పెద్ద, స్కెలెన్ ఏకంగా సొంత చక్రవర్తి మీదే కుట్ర చేసినవాడు. కార్డులకు ఆ పేర్లు ఊరికే పెట్టలేదు. వీళ్లు కాక ఏ డెక్‌లోనైనా పెట్టుకోదగ్గ మిస్టీరియస్ ఎల్ఫ్ ఉన్నాడు. పవర్ 0. ఎదుటివాడికి ఒక్క పాయింట్ కూడా ఇవ్వకుండా రెండు కార్డులు తెస్తాడు. అదృష్టం అంటే అదే.

నార్తర్న్ రెల్మ్స్ స్పైలు ముగ్గురినీ మొదటి రౌండ్‌లోనే వేసేశారనుకోండి. ఎదుటివాడికి 10 పాయింట్లు వెళ్లాయి. మీ చేతిలోంచి మూడు పోయి ఆరు వచ్చాయి, మొత్తం 13. ఈలోగా వాడు మూడు కార్డులు వేసి ఉంటాడు, వాడి దగ్గర 7. ఇప్పుడు మీరు పాస్ అనండి. రౌండ్ వాడిది. కానీ మిగిలిన రెండు రౌండ్లకు మీ దగ్గర 13, వాడి దగ్గర 7. మీరిచ్చిన ఆ 10 పాయింట్లు రౌండ్ అయిపోగానే బోర్డుతో పాటు తుడిచిపెట్టుకుపోతాయి.

ఇక్కడే మొత్తం కిటుకు ఉంది. వదిలేయాలనుకున్న రౌండ్‌లో పాయింట్లకు విలువ లేదు. మీరు 10 తేడాతో ఓడినా 60 తేడాతో ఓడినా పోయేది ఒక్క రౌండే. కాబట్టి ఆ రౌండ్‌లో 9 పవర్ స్కెలెన్‌ని వాడి వైపు వేసినా ఖర్చు సున్నా. అదే స్కెలెన్‌ని మీరు గెలవాల్సిన రౌండ్‌లో వేస్తే 9 పాయింట్ల గొయ్యి తవ్వుకున్నట్టు. ఆ గొయ్యి పూడ్చడానికి ఒక మంచి కార్డు పోతుంది. అంటే స్పై తెచ్చిన లాభం అక్కడికక్కడే చెల్లు. కార్డు అదే, ధర మాత్రం రౌండ్‌ని బట్టి మారిపోతుంది.

వేంపల్లెలో మా చిన్నాన్న కొడుకు ఇంటర్ చదువుతున్నాడు. నేను ఆడుతుంటే పక్కన కూర్చుని చూసి అడిగాడు.

"అన్నా, ఏందిది? నీ ముక్క ఎత్తుకపోయి వానికిస్తివే?"

"ఇచ్చి రెండు తెచ్చుకుంటి కదరా."

"వాని స్కోరు పెరిగె కదా? ఈ రౌండు వాడే గెలుస్చాడు."

"గెలవనీలే అబ్బీ. వాని చేతిలో ఎన్నుండాయో చూడు."

వాడికి రమ్మీ ఉదాహరణ చెబితే టక్కున అర్థమైంది. పండక్కి పైసా పందెం లేకుండా ఇంట్లో ఆడుకునే రమ్మీ లెండి. మనకి ఇస్పేటు తొమ్మిది కావాలి. చేతిలో ఉన్న కళావరు తొమ్మిదిని పారేస్తాం. 'వీడికి తొమ్మిదులు అక్కర్లేదు' అనుకుని ఎదుటివాడు ఇస్పేటు తొమ్మిది వదులుతాడు. ఎర వేయడం అంటాం దాన్ని. ఒక తేడా ఉంది. రమ్మీలో మనం ఎర వేశామని ఎదుటివాడికి తెలియదు. గ్వెంట్‌లో స్పై వేయగానే వాడి స్కోర్ పెరగడం, మన చేతికి రెండు ముక్కలు రావడం వాడి కళ్లముందే జరుగుతుంది. దాపరికం ఏమీ లేదు. అందుకే తెలివైనవాడు వెంటనే పాస్ అనేస్తాడు. వాడు ఒక్క కార్డే వేసి ఉంటే, మీరు మొదటి స్పై వేయగానే లీడ్‌లోకి వచ్చి పాస్ అంటాడు. వాడి చేతిలో 9, మీ చేతిలో 11. ఇప్పుడు ఆ రౌండ్ వదిలేయాలా, రెండు కార్డులు ఖర్చుపెట్టి లాక్కోవాలా అని తల పట్టుకోవాల్సింది మీరు. అందుకే స్పైలను వరుసగా దించేముందు అవతలివాడు ఎన్ని కార్డులు వేశాడో చూడండి. వాడు ఇంకా రౌండ్‌లోకి దిగకముందే తొందరపడితే వాడికి చవగ్గా రౌండ్ ఇచ్చినట్టే.

ఇచ్చినదాన్ని వెనక్కి లాగడం

నిల్ఫ్‌గార్డ్ స్పైలు ఖరీదైనవాళ్లు. ముగ్గురికీ కలిపి 20 పాయింట్లు. కానీ ముగ్గురూ క్లోజ్ కాంబాట్ వరుసలోనే పడతారు. ఇక్కడ బైటింగ్ ఫ్రాస్ట్ కార్డు వేస్తే ఆ వరుసలో హీరోలు కాని ప్రతి యూనిట్ పవర్ 1 అయిపోతుంది. 20 కాస్తా 3. ఫ్రాస్ట్ రెండు వైపులా పనిచేస్తుంది కాబట్టి మీ బలం మాత్రం వెనక రెండు వరుసల్లో ఉండాలి. దీన్ని దృష్టిలో పెట్టుకుని డెక్ కడితే స్కెలెన్ లాంటి కార్డు కూడా గెలవాల్సిన రౌండ్‌లో ధైర్యంగా వేయొచ్చు.

ఇంకో మార్గం స్కార్చ్. బోర్డు మీద అందరికంటే ఎక్కువ పవర్ ఉన్న మామూలు యూనిట్‌ని అది తగలబెడుతుంది. స్కెలెనే పెద్దది అయితే మీ కార్డుని మీరే కాల్చేసుకుంటారు. రెండు కార్డులు మాత్రం ఎప్పుడో చేతికొచ్చేశాయి. ఇంత కర్కశమైన బాస్ మన ఐటీ కంపెనీల్లో కూడా ఉండడు.

రిస్క్ కూడా అంతే ఉంది. ఎదుటివాడి దగ్గర కమాండర్స్ హార్న్ ఉంటే ఆ వరుస మొత్తం డబుల్. మీరు పంపిన 20 కాస్తా 40. దీనికంటే ఘోరమైనది డికాయ్. బోర్డు మీద తన వైపున్న కార్డుని చేతిలోకి తీసుకునే కార్డు అది. మీరు పంపిన డైక్‌స్ట్రాని వాడు డికాయ్‌తో ఎత్తుకుని, తర్వాతి టర్న్‌లో మీ వైపే వేసి, తను రెండు కార్డులు లాగుతాడు. ఇంటి గుట్టు లంకకు చేటు అంటారే, సరిగ్గా అదే. మన మనిషే వాడి మనిషై తిరిగొస్తాడు. మిస్టీరియస్ ఎల్ఫ్‌కి మాత్రం ఈ భయం లేదు. హీరో కార్డు కాబట్టి డికాయ్ దాన్ని ముట్టుకోలేదు.

మాన్‌స్టర్స్, స్కోయాటెల్ డెక్‌లకు ఆ వెర్షన్‌లో సొంత స్పైలే లేరు. అందుకే ఆ డెక్‌లు ఆడేటప్పుడు డికాయ్‌లే మీ స్పైలు. వాడు ఎప్పుడు పంపుతాడా అని కాచుకుని కూర్చోవడమే.

స్పైలు లేకపోతే డెక్కే కాదనే రోజులు

గ్వెంట్ సొంతంగా ఒక గేమ్‌గా మారి 2017 మేలో పబ్లిక్ బీటాకి వచ్చింది. అక్కడ స్పైలకు ఎంత విలువ వచ్చిందంటే ప్రతి ఫ్యాక్షన్‌కీ ఒకటి ఉండేది. నార్తర్న్ రెల్మ్స్‌కి థేలర్, నిల్ఫ్‌గార్డ్‌కి కాంటరెల్లా, స్కెలిగేకి ఉడల్రిక్, మాన్‌స్టర్స్‌కి ఫ్రైటెనర్, స్కోయాటెల్‌కి యేవిన్. చూడ్డానికి న్యాయంగానే ఉంది, అందరికీ ఒకటి. నా దృష్టిలో అదే దెబ్బ కొట్టింది. అందరి దగ్గరా ఉన్న ఆయుధం స్ట్రాటజీ కాదు, పన్ను. స్పై పెట్టని డెక్ వెనకబడినట్టే కాబట్టి అందరూ పెట్టేవాళ్లు. ఎవరు ముందు ఆడాలో నాణెం తేల్చేది, స్పైని సుఖంగా వేసే అవకాశం ఎవరికి దొరుకుతుందనేది కూడా చాలావరకు దాని చేతుల్లోనే ఉండేది.

2018 అక్టోబర్ 23న 'హోమ్‌కమింగ్' పేరుతో గేమ్‌ని దాదాపు మొదటి నుంచి తిరగరాశారు. మూడు వరుసలు రెండయ్యాయి. రెండో రౌండ్‌కి, మూడో రౌండ్‌కి మూడేసి కార్డులు వస్తాయి. చేతిలో పదికి మించి ఉంచుకోవడం కుదరదు. ఈ చివరి రెండు రూల్సే పాత స్పైల నడుం విరిచాయి. రౌండ్ వదిలేసి చేతిలో 13 కార్డులతో నవ్వుకుంటూ కూర్చునే ప్లాన్ ఇక్కడ పనికిరాదు. కార్డులు లాగే ఆ స్పైలను కూడా ఆ రూపంలో తీసేశారు. గేమ్ 2019 అక్టోబర్‌లో ఐఫోన్‌కి, 2020 మార్చిలో ఆండ్రాయిడ్‌కి వచ్చేసరికి ఫోన్‌లో మనం చూసినది ఈ కొత్త రూపమే.

మరి కార్డులే ఇవ్వనప్పుడు ఎదుటివాడికి పాయింట్లు ఎందుకివ్వాలి?

ఫోన్‌లో ఇప్పుడున్న గేమ్‌లో

నిల్ఫ్‌గార్డ్‌లో జోఆకిమ్ డి వెట్ కార్డు తీసుకోండి. డిస్‌లాయల్. ఎదుటివాడి వైపు పడుతుంది, మన డెక్ పైనున్న యూనిట్‌ని తీసి వెంటనే మన వైపు ఆడి, దానికి బూస్ట్ ఇస్తుంది. పవర్ అంకెలు అప్‌డేట్‌లతో మారుతుంటాయి కాబట్టి ఉదాహరణకి అనుకుందాం. వాడికి 5 ఇచ్చాం, డెక్ మీద 8 పవర్ యూనిట్ ఉంది, బూస్ట్ 3. మనకి 11 వచ్చాయి, 5 పోయాయి, నికరం 6. ఆ అంకె మాత్రమే చూస్తే చప్పగా ఉంది.

దాని అసలు లాభం స్కోర్ బోర్డు మీద కనబడదు. డెక్‌లో కనీసం 25 కార్డులు ఉండాలి. 10, తర్వాత 3, తర్వాత 3. అంటే మ్యాచ్ మొత్తంలో మామూలుగా చేతికొచ్చేవి 16. మిగతా 9 కార్డుల మొహం కూడా చూడకుండానే మ్యాచ్ అయిపోతుంది. జోఆకిమ్ లాంటి కార్డు చేతిలో ఒక చోటు తీసుకుని, డెక్‌లోంచి ఇంకో కార్డుని బయటికి లాగుతుంది. డెక్ పలచబడుతుంది, చివరి రౌండ్‌కి మీరు దాచుకున్న బలమైన కార్డు చేతికొచ్చే ఛాన్స్ పెరుగుతుంది. డిస్‌లాయల్ కార్డు ఇప్పుడు అమ్మేది కార్డుల సంఖ్యని కాదు, మనకు కావాల్సిన కార్డు దొరికే నమ్మకాన్ని.

ఆ నమ్మకం కూడా ఊరికే రాదు. డెక్ పైన ఏముందో తెలియకుండా జోఆకిమ్‌ని వేయడం లాటరీ టికెట్ కొనడమే. డెక్ పైకి కావాల్సిన కార్డుని తెచ్చే స్టెఫాన్ స్కెలెన్ లాంటి కార్డుని ముందు ఆడి, తర్వాత జోఆకిమ్‌ని వేయడం పాత నిల్ఫ్‌గార్డ్ ప్లేయర్ల అలవాటు. విచర్ 3లో తనే స్పైగా ఉన్న స్కెలెన్ ఇక్కడికొచ్చేసరికి స్పైకి దారి చూపించేవాడయ్యాడు. ప్రమోషన్ అన్నమాట.

దీనికి తోడు ఎదుటివాడి వైపున్న మన మనుషుల్ని లెక్కబెట్టే కార్డులు ఉన్నాయి. ఇంపెరా బ్రిగేడ్ వాళ్లను బట్టి బలపడుతుంది. ఇంపెరా ఎన్‌ఫోర్సర్స్ వాళ్లను బట్టి ఎదుటివాడిని కొడుతుంది. ఇవి బోర్డు మీద ఉన్నప్పుడు డిస్‌లాయల్ కార్డు వేస్తే ఇచ్చిన పాయింట్లలో కొంత ఇటు నుంచి తిరిగొస్తుంది. కాబట్టి వరుస ముఖ్యం. ముందు ఇంపెరా, తర్వాత గూఢచారి. పాయింట్లు అంత తొందరగా ఎదుటివాడి చేతికి ఇవ్వాల్సిన పనేముంది?

ఎప్పుడు వేయకూడదో కూడా చూడాలి. ఎదుటివాడు మాన్‌స్టర్స్ ఆడుతూ, తన సొంత యూనిట్లను మింగి బలపడే కార్డులు పెట్టుకున్నాడనుకోండి. మీరు పంపింది వాడి వైపున్న యూనిటే కాబట్టి వాడికి అది భోజనం. ప్లేటులో పెట్టి పంపినట్టే. అలాగే మూడో రౌండ్‌లో ఒకటి రెండు కార్డులే మిగిలినప్పుడు డెక్ పలచబడినా ఉపయోగం లేదు, ఎందుకంటే ఇక లాగేది ఏమీ లేదు. అప్పుడు ఆ 5 పాయింట్లు నిజంగానే 5 పాయింట్లు. ఇంపెరా తోడు లేకుండా చివరి రౌండ్ దాకా డిస్‌లాయల్ కార్డుని చేతిలో మోసుకెళ్తే అది బరువే.

చాలామంది వదిలేసే పాయింట్ ఒకటుంది. ఒక వరుసలో 9 యూనిట్లే పడతాయి. సైన్యాన్ని గుంపుగా దించే ప్రత్యర్థి వరుస ఏడో ఎనిమిదో యూనిట్లకు చేరినప్పుడు మీ గూఢచారులు ఆ ఖాళీల్లో కూర్చుంటే, వాడి కార్డులకు చోటు ఉండదు. బస్సులో కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకోవడం మనకి తెలియనిదా? రోజూ పనికొచ్చే ట్రిక్ కాదు గానీ, పనికొచ్చిన రోజు మాత్రం ఎదుటివాడు ఫోన్ విసిరేస్తాడు.

ఓటు వేసే ముందు గుర్తు చూసుకోండి

సీడీ ప్రాజెక్ట్ రెడ్ 2022 చివర్లో చెప్పేసింది, 2023 తర్వాత గ్వెంట్‌కి కొత్త కార్డులు ఉండవని. సర్వర్లు ఆపేసి చేతులు దులుపుకోకుండా, బ్యాలెన్స్‌ని ఆటగాళ్లకు అప్పగించింది. బ్యాలెన్స్ కౌన్సిల్ పేరుతో నెలనెలా ఓటింగ్ జరుగుతుంది. ఏ కార్డు పవర్ ఒకటి పెంచాలి, ఏది తగ్గించాలి, డెక్‌లో పెట్టుకోవడానికి అయ్యే ప్రొవిజన్ ఖర్చు ఏది పెంచాలి, ఏది తగ్గించాలి అని ఓటు వేస్తాం. ఎక్కువ ఓట్లు పడ్డ మార్పులు గేమ్‌లోకి వచ్చేస్తాయి.

మామూలు కార్డుకి పవర్ పెరగడం అంటే బలపడటం. డిస్‌లాయల్ కార్డుకి అదే శిక్ష, ఎందుకంటే ఆ పెరిగిన పాయింట్ వెళ్లేది ఎదుటివాడికి. పవర్ తగ్గితేనే దానికి మేలు. కోడ్ రాసేవాళ్లకి ఇది మైనస్ గుర్తు బగ్ లాగా కనబడుతుంది. ఫంక్షన్ అంతా కరెక్టే, ఒక్క వేరియబుల్ గుర్తు తిరగేసి ఉంది. నిల్ఫ్‌గార్డ్ మీద ప్రేమతో 'పవర్ పెంచు' లిస్టులో జోఆకిమ్‌ని పెట్టేవాళ్లు నిజానికి వాడిని కుంగదీస్తున్నారు. నిల్ఫ్‌గార్డ్ మీద కోపంతో 'పవర్ తగ్గించు' నొక్కేవాళ్లు వాడికి ఉపకారం చేస్తున్నారు. అనుమానంగా ఉంటే ప్రొవిజన్ జోలికి వెళ్లడం సేఫ్. దానికి గుర్తు మారదు. తగ్గితే మంచిది, పెరిగితే చెడ్డది, ఏ కార్డుకైనా.

ఇందులో ఇంకో మెలిక. పవర్ తగ్గించుకుంటూ పోతే ఎప్పుడూ మంచిదేనా? 1 పవర్‌తో వాడి బోర్డు మీద కూర్చున్న గూఢచారిని ఏ చిన్న దెబ్బైనా చంపేస్తుంది. మామూలుగా అయితే మనకేం నష్టం లేదు, వాడి పాయింటే పోయింది. కానీ మన ఇంపెరా కార్డులు బతికున్న గూఢచారులను లెక్కబెట్టి బలపడుతున్నప్పుడు, వాడు కావాలనే ఆ ఒక్క పాయింట్ వదులుకుని మన లెక్క చెడగొడతాడు. అప్పుడు మన మనిషి వాడి ఇంట్లో కాస్త గట్టిగా ఉండటమే మనకి కావాలి.

నా ఓటు ఎటంటే, జోఆకిమ్ లాంటి కార్డులు ఎదుటివాడికి కంటికి కనబడేంత పాయింట్లు ఇవ్వాలి. మరీ చవకైతే ఆలోచించకుండా ప్రతి డెక్‌లో పెట్టేస్తారు, బీటాలో జరిగింది అదే. మరీ ఖరీదైతే ఎవరూ ముట్టుకోరు. కాబట్టి పవర్‌ని అలాగే ఉంచి, ఇంపెరా బ్రిగేడ్, ఇంపెరా ఎన్‌ఫోర్సర్స్ ప్రొవిజన్ తగ్గించే వైపు నేను ఓటేస్తాను. డిస్‌లాయల్ కార్డు ఒంటరిగా నష్టం, తోడుంటే లాభం అన్నట్టు ఉండాలి. పీసీలో ఆడినా ఫోన్‌లో ఆడినా జీఓజీ అకౌంట్ ఒకటే కాబట్టి ప్రోగ్రెస్ రెండు చోట్లా ఒకటే. తర్వాతి ఓటింగ్ తెరుచుకున్నప్పుడు డిస్‌లాయల్ కార్డు మీద వేలు పెట్టేముందు ఒక్క క్షణం ఆగి, ఆ అంకె ఎవరి స్కోర్‌లో పడుతుందో చూసుకోండి.